జాగ్రెబ్‌లో ఎవరూ లేరు

మా ఊరు నోర్డెన్‌లో కారు నడిపేవాళ్లలో సగం మందిని ఏదో ఒక రోజు ఫెయిల్ చేసిన మనిషి ఫోల్క్‌మార్ డ్రేసెన్ గారు. ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవింగ్ పరీక్షలు పెట్టి రిటైరయ్యారు. నన్ను రెండుసార్లు ఫెయిల్ చేశారు. హైస్కూల్లో భూగోళం చెప్పే హాయో హార్మ్స్‌ని నాలుగుసార్లు. మందుల షాపు గేషే తామెన్ మూడోసారి ఫెయిలయ్యాక, సైకిలే ఒంటికి మంచిదని తేల్చుకుంది. అంచేత మా ఆటల సంఘానికి అధ్యక్షుడు కావలసి వచ్చినప్పుడు ఎన్నిక అంటూ పెద్దగా జరగలేదు. ఆయన వచ్చి బల్ల తలాపున కూర్చున్నారు. మేం చేతులెత్తాం.

నా పేరు థేడా ఓంకెన్. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. సంఘానికి కార్యదర్శిని. మినిట్స్ పుస్తకం నా దగ్గరే ఉంటుంది.

ప్రతి శనివారం మధ్యాహ్నం రెండింటికి ఫైర్ స్టేషన్ మేడ మీది గదిలో కలుస్తాం. మూడు బల్లలు. కిటికీ దగ్గర రైళ్ల ఆట ఆడేవాళ్లు నలుగురు, తలుపు దగ్గర గొర్రెల పెంపకం ఆట ఆడేవాళ్లు నలుగురు. మధ్యలో పెద్ద బల్ల మాది. మాది పిశాచి వేట.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బోర్డు మీద నూట ముప్పై ఏళ్ల కిందటి యూరప్ పటం ఉంటుంది. డెబ్బై ఊళ్లు, వాటిని కలుపుతూ దారులు. ఐదుగురిలో ఒకరు రక్తపిశాచి దొర, మిగతా నలుగురూ వేటగాళ్లు. వేటగాళ్లు అందరికీ కనబడేలా కదులుతారు. దొర మాత్రం ఓ అట్ట తెర వెనక కూర్చుని, వంతుకో ఊరు చొప్పున పక్క ఊరికి జరుగుతూ, తానున్న ఊరి పేరు నోటుబుక్కులో రాసుకుంటాడు. వేటగాడు ఒక ఊళ్లో దిగి "ఇక్కడేముంది?" అని అడుగుతాడు. గడిచిన మూడు వంతుల్లో దొర అటుగా పోయి ఉంటే "రక్తం వాసన" అనాలి. అక్కడే ఉంటే తన బొమ్మ తీసి బోర్డు మీద పెట్టి, పాచికలతో పోరాడాలి. రెండూ కాకపోతే "ఎవరూ లేరు" అనాలి. ఇరవై వంతుల పాటు బతికి బయటపడితే దొర గెలిచినట్టు. చివర్లో నోటుబుక్కు తెరిచి అందరికీ చూపించాలి.

అంటే ఆట మొత్తం తెర వెనకున్న ఒక మనిషి నిజం చెబుతాడన్న నమ్మకం మీద నడుస్తుంది. ఆ మనిషి పిశాచి అయినా సరే.

తొమ్మిదేళ్లుగా మా దొర డ్రేసెన్ గారే. ఒక్కసారి కూడా దొరకలేదు. మొదటి ఏడాది ఆట అయిపోయాక నోటుబుక్కు చూపించమని హాయో అడిగితే, ఆయన దాన్ని ఠపీమని మూసి కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. "గారడీవాణ్ణి నీ చేతుల్లో ఏముందని అడుగుతావా, హాయో?" అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. ఎందుకు కొట్టామో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను, కానీ అప్పుడది చాలా గొప్పగా అనిపించింది. ఆ తర్వాత అడగకపోవడమే మర్యాద అయింది. ఆరో ఏట ఆ మర్యాద సంఘం నియమావళిలో పదకొండో నిబంధనగా ఎక్కింది. వాక్యం నేనే రాశాను.

వేటగాళ్లం మేం కూడా ఖాళీగా ఏం కూర్చోలేదు. హాయో దొరగారి నడక మీద నలభై పేజీల సిద్ధాంతం రాశాడు. దొరగారు ఉత్తరపు గాలి వీచే నెలల్లో దక్షిణానికి మొగ్గుతారని, ప్రతి ఏడో వంతులో సముద్రం దాటుతారని అందులో పటాలు గీసి మరీ నిరూపించాడు. నేను ప్రతి వేటనీ మినిట్స్‌లో కథలా రాసేదాన్ని. "పొగమంచులో వియన్నా వీధులు. హార్మ్స్ గుర్రం నురగలు కక్కుతోంది. ఒక్క అడుగు ఆలస్యం!" ఊళ్లో వారపత్రిక వాళ్లు దాన్ని అచ్చువేసేవాళ్లు. మా దుకాణానికి వచ్చినవాళ్లు "ఈ వారం కూడా తప్పించుకున్నాడటగా?" అని అడిగేవాళ్లు. నాకు భలే గర్వంగా ఉండేది.

మాలో అందరికన్నా నాసిరకం వేటగాడు గేషే. ఇది నా మాట కాదు, సంఘం మాట. మొదటి ఏడాది, ఆరో వంతులో, మేం ముగ్గురం స్పెయిన్‌లో వల పన్నుతుంటే, గేషే ఒక్కతే జాగ్రెబ్ వెళతానంది. "ఎందుకు?" అంటే, "ఏమో, అక్కడుంటాడనిపిస్తోంది," అంది. వద్దన్నా వినలేదు. వెళ్లి అడిగింది. "ఎవరూ లేరు," అన్నారు డ్రేసెన్ గారు. ఆ వంతు వృథా కావడం వల్లే మేం ఓడిపోయామని హాయో లెక్క తేల్చాడు. అప్పటినుంచీ మా సంఘంలో జాగ్రెబ్ అనేది ఒక మాట అయిపోయింది. ఎవరైనా పాలు తేవడం మరిచిపోతే "జాగ్రెబ్ వెళ్లొచ్చావా?" అంటారు. రైళ్ల బల్ల వాళ్లు కూడా అంటారు. ఆ తర్వాత గేషేని ఎప్పుడూ ఐర్లండ్ ఓడరేవులకు కాపలా పంపేవాళ్లం. అటు దొరగారు ఎన్నడూ రాలేదు. ఎనిమిదేళ్లపాటు గేషే డబ్లిన్‌లో నిలబడి మా అందరికీ టీ పోసేది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. నాలుగేళ్ల కిందట ఓ శనివారం నా పాచిక దొర్లి కింద పడింది. తీయడానికి వంగితే తెర వెనక కనబడింది. డ్రేసెన్ గారు పత్రికలోంచి చింపి తెచ్చుకున్న గళ్లనుడికట్టు పూరిస్తున్నారు. నోటుబుక్కు మూసే ఉంది. ఆయన కూడా నన్ను చూశారు. నేను పైకి లేచి, "వాసనేమైనా ఉందా?" అని అడిగాను. ఆయన, "ఉంది, థేడా, ఘాటుగా ఉంది," అన్నారు. ముందే రాసేసుకుని ఉంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వారం మినిట్స్ నా జన్మలో రాసినవాటిలోకెల్లా బాగా వచ్చాయి.

పోయిన వసంతంలో మా నాలుగో వేటగాడు కూతురి దగ్గరుందామని బ్రేమెన్ వెళ్లిపోయాడు. ఆ ఖాళీలోకి ఇన్సా విలర్స్ వచ్చింది. ఇన్సా ఇరవై ఎనిమిదేళ్లు సైకిల్ మీద ఉత్తరాలు బట్వాడా చేసి రిటైరైన మనిషి. ఊళ్లో ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరుండీ లేనట్టు నటిస్తున్నారో అంతా తెలుసు. అందరినీ నువ్వు అనే పిలుస్తుంది, పాస్టర్‌తో సహా. డ్రైవింగ్ నేర్చుకోవాలన్న కోరిక ఆమెకు ఎన్నడూ కలగలేదు. ఇది ముఖ్యం.

మొదటి రోజే ఒక నకలు పటం, పెన్సిలు తెచ్చుకుంది.

"అదేంటి?" అన్నాడు హాయో.

"ఎక్కడెక్కడ వాసనొచ్చిందో గుర్తు పెట్టుకోడానికి."

"అదంతా నా సిద్ధాంతంలో ఉందమ్మా. చదువుకోండి. నలభై పేజీలే."

"నలభై పేజీలు ఎందుకు బాబూ? మనిషి ఎటు పోయాడో తెలియడానికి రోడ్డు చాలదూ?"

మూడు నెలలు ఏమీ మాట్లాడకుండా ఆడింది. చుక్కలు పెట్టుకుంటూ, ఇంటికి పట్టుకుపోతూ. ఆగస్టులో ఓ రోజు మా దుకాణానికొచ్చింది. కళ్లజోడు బాగుచేయించుకోడానికేమో అనుకున్నాను. బల్ల మీద మూడు పటాలు పరిచింది.

"థేడా, ఇది చూడు. పదో వంతులో హాయో ప్రాగ్‌లో అడిగాడు. వాసనన్నాడు. అదే వంతులో నువ్వు నాంట్‌లో అడిగావు. అక్కడా వాసనే అన్నాడు. వాసన మూడు వంతులే గదా ఉండేది? ప్రాగ్ నుంచి నాంట్‌కి ఐదు వంతుల నడక. ఎలా వచ్చాడు?"

"సముద్రం మీదుగా..."

"ప్రాగ్‌లో సముద్రం ఎక్కడుందే?"

నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

"ముందు నేనే తప్పు రాసుకున్నానేమో అనుకున్నా," అంది. "మూడు వారాలు చూశా. ప్రతిసారీ అంతే. ఉత్తరం కూడా అంత తొందరగా చేరదు. నిన్నొకటి అడుగుతా, నిజం చెప్పు. ఆ నోటుబుక్కు ఎవరైనా ఎప్పుడైనా చూశారా?"

"పదకొండో నిబంధన ప్రకారం..."

"చూశారా, లేదా?"

"లేదు," అన్నాను. గళ్లనుడికట్టు సంగతి చెప్పలేదు. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, పటాలు చుట్టేసుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందని అబద్ధం చెప్పను.

నవంబరులో వార్షిక పోటీ. ఆ రోజు రైళ్లూ గొర్రెలూ ఆపేసి అందరూ మా బల్ల చుట్టూ మూగుతారు. పదమూడు మందిమీ ఉన్నాం. కిటికీ అద్దాల మీద వాన. గేషే డబ్లిన్‌లో తన బొమ్మని నిలబెట్టి, కప్పుల్లో కలకండ పలుకులు వేసి, వాటి మీద వేడి టీ పోస్తోంది. అవి చిటపటమంటున్నాయి. ఇరవయ్యో వంతు ముగిసింది. డ్రేసెన్ గారు తెర వెనకనుంచి లేచి నిలబడి, "పెద్దమనుషులారా, పిశాచి సెలవు తీసుకుంటోంది," అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి.

"నోటుబుక్కు చూపించు, ఫోల్క్‌మార్," అంది ఇన్సా.

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"ఇన్సా గారు కొత్త," అన్నారు ఆయన నవ్వుతూ. "హాయో, పదకొండో నిబంధన ఏమంటుందో చెప్పండి."

"దొరగారి నోటుబుక్కు దొరగారి సొంతం," అన్నాడు హాయో గడగడా.

"ఆట పెట్టెలో వచ్చిన రూల్సు పుస్తకం పద్నాలుగో పేజీలో చూపించి తీరాలని ఉంది," అంది ఇన్సా. "మీ నిబంధన మీరు రాసుకున్నారు. ఆట చేసినవాడు ఇది రాశాడు." అని, చుట్టి పెట్టుకున్న పటాలన్నీ బోర్డు మీదే పరిచేసింది. పదకొండు పటాలు. ఎర్ర పెన్సిలుతో గీతలు. "ఇవిగో. ఒకే వంతులో రెండు చోట్ల, మూడు చోట్ల వాసన. ఒకసారైతే రోమ్‌లోనూ స్టాక్‌హోమ్‌లోనూ. ఇదంతా ఎలా నడిచాడో నాకు తెలుసుకోవాలనుంది, అంతే."

"ఎత్తుకు పైఎత్తు!" అన్నాడు హాయో. "రెండో సంపుటంలో రాస్తున్నా దాని గురించి. దొరగారు మన ఆలోచననే..."

"హాయో, నువ్వు భూగోళం చెబుతావు. రోమ్‌కీ స్టాక్‌హోమ్‌కీ మధ్య ఎన్ని ఊళ్లున్నాయో లెక్కపెట్టు."

హాయో లెక్కపెట్టడానికి వేలు పెట్టి, మళ్లీ తీసేశాడు.

డ్రేసెన్ గారి మెడ ఎర్రబడింది. "నన్ను అబద్ధాలకోరునంటున్నారా?"

"నేనేమీ అనట్లేదు. చూపించు అంటున్నా."

ఆయన మా అందరి మొహాలూ ఒకసారి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. నాలుగేళ్ల కిందట తెర వెనకనుంచి నన్ను చూసిన చూపే అది. లోపలి జేబులోంచి నల్లట్ట నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టారు.

"మన కార్యదర్శి మీద అందరికీ నమ్మకముందిగా? థేడా ఒక్కతే చూస్తుంది. చూసి, అన్నీ సక్రమంగా ఉన్నాయో లేదో చెబుతుంది. దాంతో ఈ గొడవ వదిలేద్దాం."

అందరూ హమ్మయ్య అనుకున్నారు. అది నాకు వినబడినట్టే ఉంది. ఇన్సా కూడా సరేనంది. ఆమె సరేననడమే నన్ను కుదేలు చేసింది. అడ్డు చెప్పి ఉంటే ఆయన పక్షాన నిలబడటం తేలికయ్యేది.

తెరిచాను. మొదటి పేజీలో నిట్టనిలువుగా, పొందికైన అక్షరాలతో, తేదీతో సహా, తొమ్మిదేళ్ల కిందటి మొదటి ఆట. ఒకటి, క్రాకో. రెండు, బుడాపెస్ట్. అలా కిందికి. ఆరో వంతు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతి పేజీ ఖాళీ. దాని తర్వాతదీ ఖాళీ. మధ్యలో ఎక్కడో "బంగాళాదుంపలు, పిల్లికి నులిపురుగుల మందు" అని ఉంది. మిగతా పుస్తకమంతా తెల్లగా ఉంది. తొమ్మిదేళ్లుగా మేం ఎక్కడా లేని మనిషి వెనకాల గుర్రాలు పరిగెత్తించాం.

"ఏం థేడా?" అన్నారు డ్రేసెన్ గారు మెల్లిగా. "సక్రమంగానే ఉందా?"

ఉందంటే సరిపోయేది. వచ్చే వారం పత్రికలో అచ్చయ్యేది. నేను మళ్లీ ఆ మొదటి పేజీ వైపు చూశాను. ఆరో అంకె పక్కనున్న ఊరి పేరు చదివాను. అప్పుడు తలెత్తితే గేషే కనబడింది. మీగడ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. టీలో మీగడ ఎవరికి వేయాలో ఎవరికి వద్దో ఆమెకు మాత్రమే గుర్తుంటుంది.

"ఆరో వంతు," అని పైకే చదివాను. "జాగ్రెబ్."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. గేషేకి అయింది. గిన్నె బల్ల మీద పెట్టింది.

"ఎప్పటి ఆట అది?"

"మొదటి ఏడాదిది."

"నేను జాగ్రెబ్ వెళ్లింది ఆరో వంతులోనే."

"అవును గేషే."

"నేనడిగాను గదా. ఎవరూ లేరన్నారు." డ్రేసెన్ గారి వైపు తిరిగింది. "ఎవరూ లేరన్నారు మీరు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "మొదటి ఆట అది," అన్నారు. "ఆరో వంతుకే దొరికిపోతే... అందరూ చూస్తున్నారు. నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత రాయడమెందుకు? రాస్తే అబద్ధం రాయాలి. రాయకపోతే కనీసం..."

"మిగతా పేజీల్లో ఏమీ లేదు," అన్నాను. "నాలుగేళ్ల కిందట తెర వెనక ఆయన గళ్లనుడికట్టు చేసుకుంటుంటే చూశాను. చూసి ఊరుకున్నాను. అది కూడా తెలియాలి మీకు."

ఇక గది గదంతా గోల. అందరూ డ్రేసెన్ గారి మీద పడతారనుకున్నాను. పడలేదు. ఇన్సా మీద పడ్డారు.

"ఇంత బాగా సాగుతున్న ఆట! ఎవరడగమన్నారు మిమ్మల్ని?" అన్నాడు రైళ్ల బల్ల పెద్దాయన.

"తొమ్మిదేళ్లలో ఎవరైనా బాధపడ్డారా? పడలేదు. ఇప్పుడందరూ బాధపడుతున్నారు. కారణం ఎవరు?" అంది గొర్రెల బల్ల నుంచి ఒకావిడ.

హాయో నలభై పేజీల సిద్ధాంతాన్ని గుండెకు హత్తుకుని, "వాస్తవంలో ఆయన ఎక్కడా లేకపోవచ్చు. అంతమాత్రాన సిద్ధాంతం తప్పయిపోదు," అంటున్నాడు. ఎవరో లేచి, సంఘం శాంతికి భంగం కలిగించినందుకు ఇన్సా విలర్స్‌ను తొలగించాలని ప్రతిపాదించారు. ఇంకెవరో బలపరిచారు. నేను అలవాటుకొద్దీ పెన్ను తీశాను. ఇన్సా మాత్రం పటాలు ఒక్కొక్కటే చుట్టుకుంటూ, "ఇలాంటి వీధులు చాలా చూశాలే. కుక్క కరిచినా తప్పు పోస్టుమనిషిదే," అంది.

టంగుమని చప్పుడైంది. గేషే చెంచాతో టీ కుండ మూత మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. గేషే గట్టిగా మాట్లాడటం మేమెవరం వినలేదు, ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు.

"ఓట్లు తర్వాత పెట్టుకోండి. నా ఆట మధ్యలో ఆగిపోయి ఉంది."

"ఏ ఆట?" అన్నాడు హాయో.

"మొదటి ఏడాదిది. నేను జాగ్రెబ్‌లో ఉన్నాను. ఆయన జాగ్రెబ్‌లో ఉన్నారు. పోరాటం జరగాలి. జరగలేదు. జరగనివ్వండి."

బోర్డు మీది పటాలు తీసేశాం. నా పాత మినిట్స్ చూసి బొమ్మలన్నీ అప్పటి చోట్లలో పెట్టాం. హాయో, నేను, బ్రేమెన్ వెళ్లిపోయినాయన, ముగ్గురం స్పెయిన్‌లో. డబ్లిన్‌లోంచి గేషే తన బొమ్మను తనే తీసి జాగ్రెబ్‌లో నిలబెట్టింది. "మీది కూడా పెట్టండి," అంది.

తొమ్మిదేళ్లలో మొదటిసారి దొరగారి బొమ్మ పెట్టెలోంచి బయటికొచ్చింది. నల్ల దుప్పటి కప్పుకున్న సీసం బొమ్మ, రంగు కూడా చెదరలేదు.

పోరాటమంటే చెరో పాచికా మూడుసార్లు వేయడం. ఎక్కువ పడ్డవాడిది ఆ విడత. వేటగాడు రెండు విడతలు గెలిస్తే దొర చచ్చినట్టు. దొర గెలిస్తే వేటగాణ్ణి కరిచి గబ్బిలమై, తనకు నచ్చిన ఊరికి ఎగిరిపోతాడు.

గేషేకి ఐదు పడింది. ఆయనకి మూడు. రైళ్ల బల్ల వాళ్లు కుర్చీలెక్కి చూస్తున్నారు. ఇన్సాని తొలగించాలని బలపరిచిన మనిషే "వెయ్యి గేషే, వెయ్యి!" అని అరుస్తున్నాడు. రెండోసారి గేషేకి రెండు, ఆయనకి నాలుగు. మూడోసారి గేషే పాచికని రెండు అరచేతుల మధ్య పట్టుకుని చాలాసేపు ఊపింది. నాలుగు.

డ్రేసెన్ గారు వేశారు. ఆరు.

ఆయన ఆ పాచిక వైపే చూస్తూ ఉండిపోయారు. దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడ్డట్టు చేతులు ఒళ్లో పెట్టేసుకున్నారు.

"గెలిచాను," అన్నారు చివరికి. ఆ గొంతులో గెలుపన్నదే లేదు. "కరిచి ఎగిరిపోయేవాణ్ణి. మీరు ముగ్గురూ స్పెయిన్‌లో ఉన్నారు. నన్ను పట్టేవాడే లేడు. నిజం చెప్పినా గెలిచేవాణ్ణి."

"గెలిచేవాళ్లు," అంది గేషే. "నేను ఓడిపోయేదాన్ని. కానీ జాగ్రెబ్‌లో ఓడిపోయేదాన్ని, డ్రేసెన్ గారూ. ఐర్లండ్‌లో కాదు."

అని కోటు వేసుకుని, వానలో సైకిల్ తీసుకుని వెళ్లిపోయింది. కప్పులు కడగకుండా ఆమె వెళ్లడం అదే మొదలు. మేం పన్నెండు మందిమి ఆ కప్పులు ఎవరు కడగాలన్న విషయం మీద ఇరవై నిమిషాలు చర్చించాం. ఇన్సా తొలగింపు మీద ఓటింగు సంగతి అందరూ మరిచిపోయారు.

సోమవారం డ్రేసెన్ గారి రాజీనామా నా దుకాణానికి పోస్టులో వచ్చింది. ఒకే ఒక్క వాక్యం. మినిట్స్ సవరించే పని నా మీద పడింది. తొమ్మిదేళ్ల వేటలన్నిటి కిందా "దొర హాజరు కాలేదు" అని రాయవలసి వచ్చింది. వారపత్రిక వాళ్లు సవరణ అచ్చువేయబోమన్నారు. పాఠకులకు పాత కథే ఇష్టమట. హాయో తన సిద్ధాంతాన్ని సొంత ఖర్చుతో పుస్తకంగా వేసుకున్నాడు, పేరులో మాత్రం చివర ఒక ప్రశ్నార్థకం చేర్చాడు.

అధ్యక్షురాలిగా గేషేని ఎన్నుకున్నాం, ఈసారి నిజంగానే చీటీలు వేసి. దొరగా ఇన్సా కూర్చుంది. ఆ మొదటి ఆట నేను మరవలేను. మూడుంబావుకల్లా ఇన్సా లియోన్‌లో దొరికిపోయింది, చచ్చిపోయింది కూడా. మేం బిక్కమొహాలు వేసుకుని ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. టీకి నీళ్లింకా కాగలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు హాయో.

"గెలిచారుగా. సంతోషించండి," అంది ఇన్సా.

సంతోషించడం మాకు చేతకాలేదు. ఇదేం పిశాచి, ఒక భయమా, ఒక గౌరవమా, అని సణిగాడు రైళ్ల పెద్దాయన. ఇద్దరు సభ్యులు డ్రేసెన్ గారి కాలమే బాగుండేదని చెప్పి సంఘం మానేశారు. ఆయన ఎలా ఆడారో తెలిశాక కూడా! మేం మాత్రం ఆ మధ్యాహ్నమే ఇంకోసారి ఆడాం. రెండో ఆటలో ఇన్సా గెలిచి, నోటుబుక్కు తెరిచి చూపించింది. నా బొమ్మ ఆమెను రెండుసార్లు ఒక్క ఊరి దూరంలో దాటిపోయింది. అది చూసి నాకు ఒళ్లు జలదరించింది. తొమ్మిదేళ్లలో అలాంటిది నేను పుస్తకంలో రాశానే గాని, ఒంటితో ఎరగను.

ఫిబ్రవరిలో ఓ శనివారం డ్రేసెన్ గారు మెట్లెక్కి వచ్చారు. టోపీ చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డారు. "మోయిన్," అని మా ఊరి పద్ధతిలో పలకరించారు. "వేటగాడి చోటు ఖాళీ ఉంటే..."

ఉంది. ఇన్సా దొర అయ్యాక ఒక కుర్చీ ఖాళీగానే పడి ఉంది. గేషే ఆయనకో కప్పు తెచ్చి పెట్టింది.

ఆయనలాంటి వేటగాణ్ణి నేను చూడలేదు. అంటే బాగా ఆడారని కాదు. మొదటి వంతులోనే హాంబర్గ్‌లో దిగి, "ఇక్కడేముంది?" అన్నారు.

"ఎవరూ లేరు," అంది ఇన్సా.

"నిజంగానా?"

"నిజంగానే."

"నోటుబుక్కులో రాశారా? ఇప్పుడే రాశారా? చప్పుడు వినబడలేదు."

"పెన్సిలు ఫోల్క్‌మార్. చప్పుడు చెయ్యదు."

ఇరవై వంతులూ ఇదే వరస. వాసనంటే నమ్మలేదు, లేదంటే నమ్మలేదు. తెర పక్కనుంచి మెడ సాచి చూడబోతే గేషే చెంచాతో వేళ్ల మీద ఒకటి వేసింది. హాయో జాలిపడి ఆయనకు నమ్మకం గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు, హాయో! చివరికి ఇన్సా గెలిచి నోటుబుక్కు బల్ల మీద తెరిచి పెట్టింది. డ్రేసెన్ గారు కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఊరూరా తడుముతూ, దారి దారీ సరిచూసుకుంటూ పోయారు. అరగంట పట్టింది. ఎవరం తొందరపెట్టలేదు. కిందనుంచి ఫైరింజను కడుగుతున్న నీళ్ల చప్పుడు వినబడుతోంది.

ఒకచోట వేలు ఆగింది.

"పన్నెండో వంతులో మీరు బ్రసెల్స్‌లో ఉన్నారా?"

"ఉన్నా."

"నేను పక్కనే, గెంట్‌లో ఉన్నాను. అటు తిరిగి ఉంటే?"

"దొరికిపోయేదాన్ని. నువ్వు కుర్చీలోంచి లేస్తుంటే నా గుండె ఆగినంత పనైంది."

డ్రేసెన్ గారికి చెవుల దాకా రక్తం పొంగింది. "బ్రసెల్స్!" అన్నారు. "గెంట్‌కి బ్రసెల్స్ ఎంత దూరం! నేను... అయ్యో, నేను..." బల్ల మీద రెండు చేతులతో దబదబా బాదారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. రైళ్ల బల్ల వాళ్లు తిరిగి చూశారు. అప్పటికే ఆయన బొమ్మలన్నీ ఏరి మొదటి చోట్లలో పెట్టేస్తున్నారు, మమ్మల్ని అడగను కూడా అడగలేదు.

"టైమెంతైంది?" అన్నారు. "ఇంకోటి ఆడొచ్చు. ఇన్సా, తెర పెట్టండి. త్వరగా పెట్టండి."